అసలు అట్ట

ఎల్లారెడ్డి, 17 ఆగస్టు 2012, శుక్రవారం. పొద్దంతా ముసురు. కుట్టు మిషన్‌కు నూనె వేసి, దుకాణం మూసి, నా బిడ్డ లావణ్యతో కామారెడ్డి బస్సెక్కాను. ఈరోజు కాలేజీలో మొక్కల జన్యువుల మీద మాట్లాడే వంతు బిడ్డది. నలుగురిలో నోరు పెగలని నా గుణమే దానికీ వచ్చిందని నా భయం.

చివరి బెంచీలో కూర్చున్నాను. జాకెట్లు కత్తిరించడానికి నేను వాడే అట్టలు రెండు ఎత్తి చూపింది.

"మా బాపు ఒక అట్టకు నకలు తీస్తడు. ఒకటి పాత పని చేస్తది, ఇంకోదాన్ని ఎట్లన్న మార్చి చూడొచ్చు. మొక్కల్ల ఒక జన్యువు రెండైతే గంతే. మార్పు పనికొస్తే ఆ మొక్క బతికి విత్తనాలిస్తది, మార్పు నిలుస్తది. కొన్ని వరి రకాలు వరదల మునిగినా కొన్నాళ్లు తట్టుకునేది గట్ల మారిన నకలుతోనే."

అంటూ కత్తెరతో ఒక అట్ట మెడను లోతుగా కోసింది. సగం లేచి మళ్లీ కూర్చున్నాను. అది అసలు అట్ట, నేను పని నేర్చుకున్ననాటిది. అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను.

తిరిగొచ్చే బస్సులో అట్ట చూసుకుంది. "బాపూ, అసలుదే కోసిన! నువ్వన్న ఆపరాదా?"

"గంత మంచిగ చెప్తుంటే ఎట్ల ఆపుత బిడ్డా?"

"రేపు కత్తిరించే పెళ్లి జాకెట్లు?"

"నకలున్నది గద. ఒకటి పోతే ఇంకోటి నడిపిస్తది."

"పాఠం నాకే చెప్తున్నవా?" అని నవ్వింది.

నకలులో భుజం కొంచెం మార్చి ఉంది, రేపు ఎలా కుదురుతుందో. కోసిన అట్టను మాత్రం దాని పాత మేకుకే తగిలించాను. ఇక ఆ జాకెట్లకు హుక్కులు, దారం తీసి పెట్టుకోవాలి.