కన్నమ్మ గారి గట్టి మూత సీసా

పలాస నీటి పరీక్షల ఆఫీసు సీతారత్నం గారికి, సుమ్మాదేవి ఊరి నుంచి పైడిరాజు నమస్కారాలు.

మా వీధి కుళాయి నీళ్ళు పంపుతున్నాను. బాగున్నాయని ఒక్క ముక్క రాస్తే చాలు. మా ఉద్దానంలో కిడ్నీల భయం మీకు తెలియనిది కాదు. ఈ కుళాయి వచ్చాకే ఆడవాళ్ళు పాత బోరు వైపు పోవడం మానేశారు. ట్యాంకు మోటారు వేసేది మా అల్లుడు బాబ్జీయే.

ఇట్లు,
పైడిరాజు

తా.క. సీసా తిరిగి పంపగలరు. గట్టి మూతదని మా ఆవిడ కన్నమ్మ ప్రాణంగా దాచుకుంది.

*

పైడిరాజు గారికి,

మీ నీళ్ళలో బేరియం అనే లోహం ఉండాల్సినదానికన్నా చాలా ఎక్కువ ఉంది. మేం వచ్చి మళ్ళీ పరీక్షించేదాకా ఎవరూ తాగకండి. కాచినా పోదు. ట్యాంకులో ఎవరైనా ఏదైనా కలిపారేమో కనుక్కోండి.

సీతారత్నం

తా.క. సీసా సంగతి తర్వాత.

*

సీతారత్నం గారికి, గొంతు తడారిన పైడిరాజు నమస్కారాలు.

కుళాయికి వలతాడు కట్టేశాను. వీధంతా కొబ్బరిబొండాలు తాగుతోంది, అమ్మడానికి ఒక్కటీ మిగల్లేదు. ట్యాంకు తాళం బాబ్జీ దగ్గరే ఉంటుంది కదా, పదిమందిలో నిలబెట్టి అడిగాను: "ఏటి కలిపినావో నిజం సెప్పు." "నానేటి కలుపుతాను మావా? నీకు మతి పోనాదా?" అని తాళం నా ఒళ్ళో పడేసి, మా అమ్మాయి ప్రవల్లికను తీసుకుని వాళ్ళ ఊరు మందస వెళ్ళిపోయాడు. వాడు కలిపినా నాకు కష్టమే, కలపకపోయినా కష్టమే. త్వరగా రండి.

మీ పైడిరాజు

తా.క. కన్నమ్మ నాతో మాట్లాడటం లేదు. "నా సీసా ఏదీ?" అని మాత్రం అడుగుతోంది.

*

పైడిరాజు గారికి,

సంతోషమైన వార్త. మొన్న మేం స్వయంగా వచ్చి పట్టిన నీళ్ళలో, కుళాయివీ ట్యాంకువీ కూడా, బేరియం హద్దులోనే ఉంది. నిశ్చింతగా తాగండి.

మరి మొదటిసారి ఎలా వచ్చిందా అని తల పట్టుకుంటే, మీ ఇంట్లో కన్నమ్మ గారు కొబ్బరినూనె ఒంపుకున్న సీసా గుర్తొచ్చింది. దాని మీద మా ఆఫీసు చీటీ ఉంది. నీళ్ళ కోసం మేం పంపిన సీసా అదేనండీ! మీరు పంపిన సీసాలో అంతకుముందు ఏముండేది?

సీతారత్నం

*

చల్లని తల్లి సీతారత్నం గారికి, కడుపునిండా నీళ్ళు తాగిన పైడిరాజు నమస్కారాలు.

హమ్మయ్య! గుండెల మీద బరువు దిగిందమ్మా.

కన్నమ్మను అడిగాను. "ఆఫీసోళ్ళకి పల్చటి సీసాలో పంపుతారేటి? పరువుగా ఉంటాదని మంచిది నీళ్ళతో తొలిపి ఇచ్చినాను. ఆళ్ళది నూనెకి సరిపోనాది" అంది. ఆ మంచి సీసా, నిరుడు నాకు కడుపునొప్పి వస్తే ఎక్స్‌రేకి ముందు ఆసుపత్రిలో తాగించిన తెల్లమందుది. డాక్టరు గారిని అడిగితే ఆ మందే బేరియం అన్నారు. అది వేరే రకమట, ఒంటికి పట్టదట, ఎప్పుడో పోయిందట. ఊరంతా వెతికాను గానీ, బేరియం తాగింది నేనొక్కణ్ణే!

మందస వెళ్ళి బాబ్జీ చేతులు పట్టుకున్నాను. నా కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. "ఈ నీళ్ళు కూడా పరీక్షకి పంపుతావేటి మావా?" అని నవ్వాడు. వచ్చి వలతాడు విప్పి మోటారు వేశాడు. మొదటి గ్లాసు వాడికే ఇచ్చాను.

మీ పైడిరాజు

తా.క. మీ సీసా శుభ్రంగా కడిగి, ఆరబెట్టి, జీడిపప్పు నింపి బాబ్జీ చేత పంపుతున్నాను. దయచేసి పరీక్ష చెయ్యకండి, తినండి.