ఫసలీ 1210 నాటి దాగలి

సెప్టెంబర్ 29, 2011. పాలకుర్తి

ప్రత్యేక రాష్ట్రం కోసం సమ్మె నడుస్తోంది. బస్సుల్లేవు. బాపు మాత్రం కొలిమి ఆపలేదు. కోతలు సమ్మె చేయవంటాడు. సమ్మె అయిపోగానే కొలిమి మూసేసి, భూపాలపల్లిలో బావ వెల్డింగ్ షాపుకు పోతాడట. ముత్తాత నుంచి ఇనుము కాల్చి పెట్టి కొడుతున్న దాగలిని స్క్రాప్ కింద అమ్ముతాడట. అన్నం ముందు నుంచి లేచిపోయాను. మన ఉక్కు డమాస్కస్ దాకా పోయిందని జేఏసీ కరపత్రం చదివి వినిపించాను. ఆ కాయితంతో కొలిమి రాజెయ్యమంది ఓదెమ్మ అవ్వ.

అక్టోబర్ 6. దసరా

ఈ రోజు దాగలికి స్నానం, కుంకుమ. అవ్వ చింతపండు పెట్టి తోముతుంటే పక్క భాగం మీద మసి ఊడి అంకెలు బయటపడ్డాయి. 1 2 10. కరపత్రం వెనక వైపు పెట్టి బొగ్గుతో రుద్దుకున్నాను. 1210. ఫసలీ! భూమి పహాణీల్లో రాసే సంవత్సరాల లెక్కే. 590 కలిపితే 1800. నిజాం జమానా! అమ్మితే చరిత్రను అమ్మినట్టేనన్నాను. బాపు అంకెల్ని వేలితో తడిమి చూశాడు. జమ్మి పెట్టడానికి వచ్చిన ప్రతి మనిషినీ దాగలి దగ్గరికి తీసుకుపోయాడు.

అక్టోబర్ 7

బాపు బావకు ఫోన్ చేసి, రానని చెప్పేశాడు.

అక్టోబర్ 9

జేఏసీ కన్వీనర్ నిరంజనన్న దీక్షా శిబిరం ముందు ఫ్లెక్సీ కట్టించాడు: 'క్రీ.శ. 1800. మన ఉక్కు, మన దాగలి.' పదిహేనున ఎడ్లబండి మీద ఊరేగింపు. బండి ముందు బాపు నడుస్తాడు. తెలిసినవాళ్లతో ఒక మాట అనిపించుకొస్తే మైకులో ధైర్యంగా చెప్పొచ్చన్నాడు అన్న.

అక్టోబర్ 11. మహబూబాబాద్

పత్తి డీసీఎంలో కొంత దూరం, ఆటోలో కొంత. అబ్రహాం తాత రైల్వే లోకో షెడ్‌లో కమ్మరి పని చేసి రిటైరయ్యాడు. నా కాయితం చూసి దగ్గు వచ్చేదాకా నవ్వాడు.

"నిజాం జమానల ఉర్దూ అంకెలు కొడ్తరా, ఇంగ్లీషువి కొడ్తరా బిడ్డా?"

రైల్వే ఉప్పు తిన్నవాడివి అట్లాగే అంటావన్నాను. ఆయన చాయ్ పోయించాడు. అది తేదీ కాదట, బరువట. మొదటిది హండ్రెడ్‌వెయిట్లు, అంటే ఒక్కోటి నూట పన్నెండు పౌన్లు; రెండోది క్వార్టర్లు, అందులో నాలుగో వంతు; మూడోది పౌన్లు. ఇంగ్లండు పద్ధతి. అంతా కలిపితే ఎనభై ఒక్క కిలో ఉండాలట. అంకెల కింద సుద్ద రుద్ది చూడమన్నాడు. సరుకు మీద దేశం పేరు కొట్టడం ఆ తర్వాతే మొదలైంది కాబట్టి, పేరుంటే నూటిరవై ఏళ్లు దాటి ఉండదట. రైలు పట్టాలు వేసినప్పుడు ఇటు వచ్చి ఉంటుందని ఆయన అనుమానం.

అక్టోబర్ 12

ఊరేగింపుకు బరువు తెలియాలని చెప్పి, నలుగురం మోసి పత్తి కాంటా మీద పెట్టాం. ఎనభై. మిగతాది సుత్తెదెబ్బలకు అరిగి ఉంటుంది. తెచ్చాక సుద్ద రుద్దాను. E, N, G... మొత్తం లేచింది. ఆ అక్షరాలకు అరచేయి అడ్డం పెట్టుకుని కూర్చున్నాను.

అక్టోబర్ 13

ఊరేగింపు అయ్యేదాకా నోరు మూసుకోమన్నాడు నిరంజనన్న. పాలకుల అబద్ధాలని రోజూ మైకులో తిడతాం, మరి ఇదేందని అరిచాను. టెంట్‌లో వాళ్లంతా తిరిగి చూశారు. నిజం చెప్తే మీ బాపు భూపాలపల్లి బస్సు ఎక్కుతడు, నీకిష్టమేనా అని అడిగాడు. కుర్చీ తన్ని వచ్చేశాను.

అక్టోబర్ 14, సాయంత్రం

బాపుకు చెప్పేశాను. ఆయనకు ఇంగ్లీషు రాదు. ఒక్కో అక్షరం మీద వేలు పెట్టి చదివాను. కొలిమి చక్రం తిప్పుతూ విన్నాడు.

"ఎవలెవలికి చెప్పినవ్?"

నిరంజనన్నకన్నాను.

"నీ మాట పట్టుకుని బావకు రానని చెప్పిన. ఊరందరికి చూపెట్టిన. ఇప్పుడు ఏ మొఖం పెట్టుకుని తిరుగాలె?"

నిజం నిజమే, రేపు మైకులో చెప్తానన్నాను. అన్నం తినుపో అన్నాడు.

అక్టోబర్ 15

నేను లేచేసరికి బాపు ఆకురాయితో అంకెలు, అక్షరాలు అన్నీ రుద్దేశాడు. కుంకుమ కూడా పెట్టేశాడు. నేను మైకు పట్టుకోలేదు. ఊరేగింపులో అంకెలేవని అడిగినవాళ్లకు అరిగిపోయినయంటున్నాడు. రుద్దిన చోట ఇనుము తెల్లగా మెరుస్తోంది. బండి ఎంత దూరం పోయినా అదొక్కటే కనిపిస్తోంది.