పుదీనా నీళ్ళ పేజీ

లాంకాస్టర్ కౌంటీ, పెన్సిల్వేనియా
సోమవారం, మార్చి 9, 2009

ప్రియమైన చెల్లి మలిండాకు,

ప్రభువు పేరిట నీకూ, జోనస్‌కూ, పిల్లలకూ శుభం. ఆయన దయవల్ల ఇక్కడ మేమంతా లేచి తిరుగుతున్నాం. మీ బావగారి మోకాలు ఒక్కటే మాట వినడం లేదు. మొన్నటిదాకా మంచు. ఇవాళ ఎండా గాలీ రెండూ ఉన్నాయని పొద్దున్నే బట్టలన్నీ తాడు మీద ఆరేశాను. మీ విస్కాన్సిన్‌లో ఇంకా వాకిట్లో మంచు పారతో ఎత్తిపోసుకుంటూనే ఉంటారు.

ఈ ఉత్తరం మన అన్నదమ్ముల, అక్కచెల్లెళ్ళ చుట్టు ఉత్తరంలో పెట్టడం లేదు. ఆ కట్ట ఎనిమిది ఇళ్ళు తిరుగుతుంది, ఎనిమిది ఇళ్ళూ చదువుతాయి. అందులో నువ్వూ నేనూ దాదాపు ముప్పై ఏళ్ళుగా వానల గురించీ, బంగాళాదుంపల గురించీ రాసుకుంటున్నాం. నీ ఒక్కదానికే విడిగా రాసి ఎన్నాళ్ళయిందో గుర్తుచేసుకోబోయి మానేశాను. కవరు మీద నా రాత చూసి ఎవరు పోయారోనని కంగారుపడి ఉంటావు. ఎవరూ పోలేదు. నీ అనుమతి ఒకటి కావాలి. అది అడగడానికే రాస్తున్నాను.

మా అబ్నర్ కొడుకు ఐవన్ సంగతి నీకు తెలుసు. వాడు పుట్టిన రెండో రోజే మడమ నుంచి ఒక రక్తపు చుక్క తీసుకెళ్ళి పిల్లల క్లినిక్‌లో చూశారు. నీ లవీనాకు ఉన్న జబ్బే. తల్లిలో సగం, తండ్రిలో సగం దాక్కుని ఉంటుందట. రెండు సగాలూ ఒక బిడ్డలో కలిస్తే బయటపడుతుందట. తాతల నాడు ఏ ఓడలో ఎవరు మోసుకొచ్చారో గానీ, మనలో మనమే పెళ్ళిళ్ళు చేసుకుని దాన్ని ఇంటింటికీ పంచుకున్నాం. ఇప్పుడు వాడికి పది నెలలు. వాడికంటూ వేరే పాలపొడి ఉంది. దోగాడుతున్నాడు, కుర్చీ పట్టుకుని నిలబడుతున్నాడు, మీ బావగారి గడ్డం పీకుతున్నాడు.

జనవరిలో వాడికి జ్వరం వచ్చింది. మన సంఘంలో కార్లు ఉండవు గనక, కారున్న పొరుగాయన్ని బతిమాలి, నేనూ కోడలు నయోమీ వాణ్ణి క్లినిక్‌కు తీసుకెళ్ళాం. వెళ్ళీ వెళ్ళగానే చేతికి సూది పెట్టి చక్కెర నీళ్ళు ఎక్కించారు. మూడో రోజుకు వాడు నవ్వుతున్నాడు. డాక్టరమ్మ నయోమిని కూర్చోబెట్టి, "చూడమ్మా, ఒళ్ళు వెచ్చబడితే వీణ్ణి ఆకలితో మాత్రం ఉంచకు. ఒక పూటైనా సరే. జ్వరం, ఖాళీ కడుపు, ఈ రెండూ కలిసినప్పుడే మెదడుకు దెబ్బ తగిలేది. వెనకటి రోజుల్లో తెలియక చాలామంది పిల్లల్ని పోగొట్టుకున్నాం" అని చెప్పింది. నేను పక్కనే ఉన్నాను. వాడి టోపీ నా చేతిలో ఉంది. ఇంటికొచ్చాక చూస్తే టోపీ లేదు, ఎక్కడ పడేశానో తెలియదు.

ఆ క్లినిక్ నడిచేదే మన వేలంపాటల మీద. ఏటా జూన్‌లో దుప్పట్లూ, గుర్రపు బగ్గీలూ, కాల్చిన కోడి భోజనాలూ పెట్టి డబ్బు పోగుచేస్తాం. ఈసారి వీణ్ణి బతికించారు గనక మన ఇంటి నుంచి ఏదైనా గట్టిగా చెయ్యాలని అబ్నర్ అందర్నీ వంటింట్లో కూర్చోబెట్టాడు. ఎవరికి తోచింది వాళ్ళు చెప్పారు. పెద్ద మనవరాలు మేకపిల్ల మీద ఊరేగి చందాలు అడుగుతానంది. దాని తమ్ముడు "ఆ మేక నిన్ను మోస్తుందా, నువ్వు దాన్ని మొయ్యాలా?" అని వెక్కిరించాడు. అబ్నర్ ఉప్పు ప్రెట్జెల్స్ కాల్చి అమ్ముదామన్నాడు. "ప్రెట్జెల్స్ పదిహేను ఇళ్ళవాళ్ళు తెస్తున్నారు, మనమూ తెస్తే ఇక పందులకే" అంది నయోమి. మీ బావగారు నింపాదిగా కాఫీ తాగి, "నా గడ్డం వేలం వెయ్యండి. ఎవరైనా కొంటే దిండులో కుక్కుకుంటారు" అన్నారు. పిల్లలు నవ్వి నవ్వి బల్ల మీద పడ్డారు. నేనూ నవ్వాను మలిండా. చాలా రోజుల తర్వాత నవ్వాను.

చివరికి నయోమి మాటే నెగ్గింది. వంటల పుస్తకం. ఈ జబ్బు ఉన్న ప్రతి ఇంటి నుంచీ ఒక పేజీ. పేజీ కింద ఆ ఇంటి బిడ్డ పేరు. వెనక వైపు పెద్దల నాటి చిట్కా వైద్యాలు. పుస్తకం అనగానే చుట్టుపక్కల ఆడవాళ్ళంతా ఎగబడ్డారు. డెబ్భై పేజీలు వచ్చేశాయి. చిట్కాల కోసం నయోమి అటక మీది పెట్టె తీసి అమ్మ నోటుపుస్తకం బయటికి లాగింది. నల్ల అట్టది, నీకు గుర్తుండే ఉంటుంది. మొదటి పేజీలో సబ్బు కాచే విధానం, చివరి పేజీలో ఎలకల మందు.

"అత్తమ్మా, ఇదిగో బంగారం దొరికింది!" అని తెచ్చి నా ఒళ్ళో పెట్టింది. అది తెరిచిన పేజీలో అమ్మ చేతిరాత ఉంది. "పసిబిడ్డలకు జ్వరం: రెండు రోజులు పుదీనా నీళ్ళు తప్ప మరేమీ పెట్టరాదు. ఏడ్చినా పెట్టరాదు. లంఖణం పరమౌషధం."

ఆ పేజీ వద్దన్నాను. అమ్మ రాత ఎవరికీ అర్థం కాదన్నాను. "నేను చదివేశాగా, కాపీ కూడా చేసేశా" అంది. డాక్టరమ్మ మాట ఏమైందని అడిగాను. "అది మన ఐవన్ లాంటి వాళ్ళకి అత్తమ్మా. మిగతా పిల్లలకేం? మనమంతా అలా పెరిగినవాళ్ళమేగా" అంది. ఏ బిడ్డలో ఏముందో పైకి తెలుస్తుందా, చుక్క రక్తం పరీక్ష చేయించని ఇళ్ళు ఇంకా లేవా అన్నాను. మీ బావగారు కల్పించుకుని, "మీ అమ్మ అదే వైద్యంతో ఎనిమిది మందిని పెంచింది. ఒక్కరికి హాని జరిగిందా? పెద్దావిడ రాతకు అంత వంకలెందుకు?" అన్నారు. ఇద్దరూ నా మొహంలోకి చూశారు. నేను లేచి పొయ్యి దగ్గరికి పోయి, ఉడుకుతున్నది లేకపోయినా కలిపాను.

మర్నాడు ఆ నోటుపుస్తకాన్ని పిండి డబ్బాలో దాచాను. అరవై దగ్గరపడ్డ ముసలిదాన్ని, దొంగ పిల్లలా. రొట్టెల పిండి తీయబోయి నయోమి దాన్ని బయటికి తీసింది. దులిపి, నా వైపు చూసి, బల్ల మీద పెట్టింది. మంచి పిల్ల. నన్ను మతిమరుపు పట్టుకుందనుకుంటోంది.

ఇప్పుడు అసలు సంగతి. ఆ పేజీ కింద పెట్టడానికి మన వైపు బిడ్డ పేరు కావాలట. ఐవన్ పేరు పళ్ళ రొట్టె పేజీకి పోయింది. మన ఇంట్లో ఈ జబ్బుకు మొదటి బిడ్డ లవీనాయే గదా, ముత్తవ్వ వైద్యం పేజీ కింద "లవీనా జ్ఞాపకార్థం, 1974–1979" అని వేద్దామని నయోమి ఆలోచన. తల్లిని అడగకుండా వెయ్యడం మర్యాద కాదని నన్ను రాయమంది. అచ్చువేసే అతను వచ్చే వారం శుక్రవారం వచ్చి కాగితాలు తీసుకెళతాడు.

వద్దని రాయి మలిండా. అచ్చులో పేరు వేసుకోవడం మనకు పొగరు కిందికి వస్తుందని రాయి, లేదా నాకిష్టం లేదని ఒక్క ముక్క రాయి. నువ్వు కాదంటే ఆ పేజీ మొత్తం తీసేస్తుంది. కారణం అడగదు. బిడ్డను పోగొట్టుకున్న తల్లిని ఎవరూ కారణం అడగరు.

ఈ మధ్య లవీనా తెగ గుర్తొస్తోంది. ఐవన్‌కు సరిగ్గా ఇప్పుడున్న వయసే గదా దానికి ఆ జ్వరం వచ్చిన నవంబరులో. ఆ తర్వాత ఐదేళ్ళు నిండేదాకా కాళ్ళూ చేతులూ కర్రలా బిగుసుకుపోయి ఉన్నా, కళ్ళతో మాత్రం మన మాటలన్నీ అందుకునేది. ఆ నవంబరులోనే జోనస్ తమ్ముడి పెళ్ళికి వంటలకని మీరిద్దరూ బుధవారం వెళ్ళి శుక్రవారం వచ్చారు. బేట్సీ చిన్నమ్మ ఆదివారం ఆరాధన జరిగిన ఇంటి మెట్ల దగ్గర అందరూ వింటుండగా, "కన్నబిడ్డకు ఒళ్ళు కాలుతుంటే పెళ్ళిలో సెలరీ కాడలు తరగడానికి పోయింది, అదేం తల్లో!" అన్నప్పుడు నేను అక్కడే ఉన్నాను. నువ్వు బయలుదేరేటప్పుడు దానికి ఒళ్ళు కాస్త వెచ్చబడిందంతేనని, "నువ్వు వెళ్ళు, నేను చూసుకుంటాను" అని నిన్ను బగ్గీ ఎక్కించింది నేనేనని నోరు తెరిచి చెప్పలేదు. మీరు ఊరు వదిలిన ఏడాది, "అక్కా, నువ్వు కూడా నన్నే తప్పుపడుతున్నావా?" అని రాశావు. దానికి నేను టమాటా పచ్చడి ఎన్ని సీసాలు పెట్టానో రాసి పంపాను. ఆ ఉత్తరం గుర్తొస్తే ఇప్పటికీ నా మీద నాకే అసహ్యం వేస్తుంది.

నీ జవాబు కోసం పోస్టు డబ్బా దగ్గర కాపు కాస్తుంటాను. జోనస్‌ను అడిగానని చెప్పు. మనవలకు ముద్దులు. దేవుడు మీ ఇంటిని కాపాడుగాక.

నీ అక్క,
సువిల్లా

తా.క. మంగళవారం పొద్దున. ఉత్తరం మడిచి కవర్లో పెట్టి, జిగురు తడపబోయి మళ్ళీ విప్పాను. నీ చేత వద్దనిపించి నేను తప్పించుకుందామనుకున్నాను. ఇన్నాళ్ళూ నా మూట నీ నెత్తిన పెట్టింది చాలక, ఇదీ నీ చేతే మోయిద్దామనుకున్నాను.

ఆ శుక్రవారం నువ్వు బగ్గీ దిగుతూనే, "పాలు తాగిందా?" అని అడిగావు. రెండు సీసాలు తాగిందని చెప్పాను. ఆసుపత్రిలో పెద్ద డాక్టరు అడిగితే నువ్వు అదే చెప్పావు, మా అక్క చూసుకుంది, పాలు బాగా తాగిందీ అని. తాగలేదు మలిండా. బుధవారం మధ్యాహ్నం నుంచి దానికి ఒక్క చుక్క పాలు పట్టలేదు. అప్పటికి నాకు పెళ్ళయి ఏడాది, పిల్లల్ని ఎత్తుకోవడమే గానీ పెంచడం తెలియదు. అమ్మ నోటుపుస్తకం తెరిచి ఆ పేజీ చూసి చేశాను. మంచి చేస్తున్నాననే అనుకున్నాను. చేసింది తప్పని జనవరిలో డాక్టరమ్మ చెప్పేదాకా తెలియదు. కానీ నీతో అబద్ధం చెప్పానని మాత్రం ఆ రోజు నుంచీ తెలుసు. అది ఎందుకు బిగుసుకుపోయిందో నాకు అర్థం కాలేదు, భయం వేసింది, రెండు సీసాలన్నాను. ఆ తర్వాత వెనక్కి తీసుకునే ధైర్యం రాలేదు.

నువ్వు పెళ్ళికి వెళ్ళినందువల్ల కాదు. నీ వల్ల ఏమీ కాలేదు.

పేజీ తీయించను. అమ్మ రాసింది కొట్టేసి దాని కింద ఇలా రాశాను: "జ్వరం వచ్చిన బిడ్డను పస్తు ఉంచకండి. మా లవీనాను నేను ఉంచాను. సువిల్లా." ఈ కవరు పోస్టు డబ్బాలో వేసి వచ్చి నయోమికీ, మీ బావగారికీ చెబుతాను. ముందు నీకు తెలియాలి. దాని పేరు ఆ పేజీలో ఉండాలో వద్దో ఇప్పుడు నిజంగా అడుగుతున్నాను. వద్దంటే పేరు తీసేసి, నా పేరు ఉంచుతాను. నాకు జవాబు రాయాలని లేకపోతే నయోమికి రాయి.

ఇంకొకటి. ఇది చెప్పకపోతే మిగతాదంతా చెప్పి లాభం లేదు. గురువారం సాయంత్రం పాలసీసా కిటికీ గట్టు మీద దానికి కనబడుతూనే ఉంది. ఏడుస్తూ దాని వైపు చెయ్యి చాపింది. నేను సీసాను పరదా వెనక్కి జరిపాను. లవీనా చెయ్యి చాపడం అదే ఆఖరు.