పదిహేడో గడి

చిరంజీవి తోడల్లుడికి ఆశీస్సులు.

ఆసుపత్రుల కంప్యూటర్లన్నీ చదవగలిగే ఒకే ఫైలు ఫార్మాట్ కావాలని ఆరోగ్యశాఖ కమిటీ అడిగిన దగ్గర్నుంచీ, మా ఆసుపత్రి తరఫున రెండేళ్ళుగా తిండీ తిప్పలూ మానేసి కూర్చున్నాను. ఇప్పుడు మీ ల్యాబ్ తరఫున నువ్వూ ఒకటి తయారుచేశావట! భోజనాల దగ్గర మామగారు దాన్నే మెచ్చుకున్నారు. నాకు ముద్ద దిగలేదు. నువ్వు పంపిన నమూనా ఫైలు నా కంప్యూటర్లో తెరుచుకోలేదు. అందుకే ఈ కాగితం.

నీ మేలుకోరే అన్నయ్య

తా.క. అసూయ అనుకునేవు, నాకలాంటివి లేవు. మామగారు ఇంకేమన్నారో మా మరదల్ని అడిగి వెంటనే రాయి.

అన్నయ్యగారికి నమస్కారాలు.

మీరు పంపిన ఫైలూ నా దగ్గర తెరుచుకోలేదు. పరాయి సొత్తు కదా, గట్టిగా ప్రయత్నించలేదు. గెలిచినవాళ్ళకి అన్ని ఆసుపత్రుల మీదా ప్రధాన ఇంజినీరు కుర్చీ అట. అది మీకొచ్చినా నాకు సంతోషమే అన్నాను. మీ మరదలు పడీ పడీ నవ్వింది.

విధేయుడు, తమ్ముడు

తా.క. రోగి వయసు మూడుచోట్ల రాయించడం దేనికండీ? ఒక్కచోటే రాస్తే చిన్నవాడైపోతాడా?

ఒరేయ్ తమ్ముడూ,

ఫైలే తెరవనివాడికి వయసు మూడుచోట్ల ఉందని ఎలా తెలిసిందిరా? దొంగచాటుగా నాది చదివే ప్రోగ్రాం రాశావన్నమాట! సిగ్గులేదూ? చచ్చినా నేనలాంటి పని చెయ్యను. నీ ఉత్తరం జతచేసి కమిటీకి ఫిర్యాదు పంపాను.

ఇక నీకేమీ కాని అన్నయ్య

తా.క. పదిహేడో గడిలో అలర్జీలకి ఆరక్షరాలే చోటిచ్చావేం? రోగి దద్దుర్లు కూడా కుదించుకోవాలా?

అన్నయ్యగారూ,

పదిహేడో గడా! తెరవకుండానే లెక్కపెట్టారా? మీ ఉత్తరం నేనూ కమిటీకి పంపాను.

అధ్యక్షురాలు రెండూ చదివి, మనిద్దరి దొంగ ప్రోగ్రాములూ తెప్పించుకున్నారు. నాది మీ ఫైలు చదివింది, మీది నా ఫైలు చదివింది. "మేమడిగింది ఇదేగా! రెండూ కలిపెయ్యండి" అన్నారావిడ. ఇద్దరికీ ఒకే గది, ఒకే పదవి. నిజం చెప్పాలంటే మీ ఫైలు చూసి కుళ్ళి చచ్చానన్నయ్యా. అంత బాగుంది. సోమవారం వచ్చేయండి.

మీ తమ్ముడు

తా.క. గదిలో కుర్చీ ఒకటే ఉంది. నేను ముందే కూర్చున్నాను. కొత్త ఫార్మాట్ పరీక్షకి నన్నే రోగిగా నింపాను. మీ పద్ధతి ప్రకారం వయసు మూడుచోట్లా రాశాను. అలర్జీల గడిలో 'అన్నయ్య' అని రాశాను, ఇంకా మూడక్షరాల చోటు మిగిలింది.