ఆ చెక్క ముక్క చెత్త కాదు

ఆదర్శ్, బాల్కనీలో పళ్లు కోసే జిగ్ చట్రానికి బిగించిన టేకు చెక్కను కదపకు. కొలత సరిపెట్టి వదిలాను. సాయంత్రం మీటింగ్ ఉంటే కర్టెన్ వేసుకో, అంతేగానీ సర్దకు.

నిన్న కెమెరాలో వెనకాల చెత్త కనబడుతోందని ఊడ్చేశావే, అందులో నా చిన్న చెక్క ముక్క పోయింది. సొరుగు చెక్కను జిగ్‌లో ఒక చివర బిగిస్తే రెండో చివర సరిగ్గా అదే మందం ముక్క పెట్టాలిరా. లేకపోతే బిగించే పట్టీ వంకరగా కూర్చుంటుంది, పట్టు ఉండదు. ముక్క దొరక్క అట్ట మడిచి పెట్టాను. రౌటర్ మిషన్ బ్లేడు తగలగానే చెక్క జారి, సొరుగు మూలలు కలవడానికి అంచున కోసే పళ్లలో ఒకటి చీలిపోయింది. అమ్మ మంచం చెక్కల్లో మిగిలింది అదొక్కటే. నా చెయ్యి దూరంగా ఉంది, అది నయం.

పారేసే ముందు అడగమని ఎన్నిసార్లు చెప్పాను? "సరే నాన్నా" అంటావు, చెవుల్లోవి మాత్రం తీయవు.

అదే మందం ముక్క కోసం బాచుపల్లి టింబర్ డిపోకి వెళ్తున్నాను. పప్పు కుక్కర్‌లో ఉంది. పొద్దున నువ్వు ఫ్లాస్కులో పోసి వెళ్లిన టీ ఇప్పటిదాకా వేడిగానే ఉంది.

నాన్న

చీలిన చివర సొరుగు వెనక్కి పోయేలా తిప్పి బిగించాను. ఎవరికీ కనబడదు. అమ్మయితే పూర్తిగా బయటికి లాగి మరీ చూసేది.