గుండుమేడలో దర్జీ

మేనల్లుడికి దీవెనలు, కాస్త కోపంతో.

మా చెల్లెల్ని అడగడానికి వచ్చిన రోజున మీ నాన్న, "బావా, ఊరి పెత్తనం నా చేతికొస్తే ఆ గుండుమేడ నీ చదువుల గదికే" అన్నాడు. చెల్లెలు వేళకే అత్తారింటికి వెళ్ళింది. మేడ రాలేదు.

దాన్ని ఎవరో దొర పావురాల కోసం గుండ్రంగా కట్టించాడు. లోపల గోడంతా గూళ్ళే. ఒక్కోదాంట్లో నాలుగు పుస్తకాలు హాయిగా పడతాయి. తర్వాత దొంగల్ని పెట్టారు, ఆపైన ఉప్పు బస్తాలు. మీ నాన్న ప్రెసిడెంటయ్యాక దర్జీని పెట్టాడు. చరిత్ర పుస్తకాలు ఉండాల్సిన గూళ్ళలో ఇప్పుడు చొక్కాల్లేని చేతులున్నాయి. పాత కట్టడాల ఆఫీసులో కుర్చీ అరగదీస్తున్నావు కదా, వాణ్ణి ఖాళీ చేయించు.

మీ మావయ్య

తా.క. నిరసనగా రోజూ వాడి మిషను పక్కన కూర్చుని గట్టిగా చదువుతున్నాను. వాడు మిషను ఆపి మరీ వింటున్నాడు. ఎంత పొగరో చూడు.

*

మావయ్యకి నమస్కారాలు.

మీ ఉత్తరాన్నే ఫిర్యాదుగా తీసుకున్నాం. పాత కట్టడాన్ని మొదట దేనికి కట్టారో దానికే వాడాలని మా నిబంధన. అదేమిటో మీరే రాశారు కనక పని తేలికైంది. సోమవారం పావురాలు వస్తాయి.

మీ మేనల్లుడు

తా.క. గింజల బాధ్యత ఫిర్యాదుదారుదే.

*

అబ్బాయీ, దీవెనలు తర్వాత.

పావురాలు కావాలని నేనెప్పుడన్నాను? ఇవాళ మంచి అధ్యాయం మధ్యలో ఒకటి నా పేజీ మీద తన అభిప్రాయం వదిలింది. చాలామంది విమర్శకుల్ని చూశాను గానీ ఇంత సూటిగా ఎవరూ చెప్పలేదు. బట్టలివ్వడానికొచ్చినవాళ్ళేమో కథ ఆపానని నన్నే తిట్టారు. వెంటనే విచారణ పెట్టు.

మండిపోతున్న మావయ్య

తా.క. దర్జీ వాటికి గింజలు వేస్తున్నాడు. నా బాధ్యత వాడికెందుకు?

*

మావయ్యకి నమస్కారాలు.

విచారణ అయింది. పావురాల్ని తీసుకుపోతున్నాం. దర్జీని అడిగితే, "నేను బయట అరుగు మీదైనా కుట్టుకుంటాను. పెద్దాయన చదువు అక్కడ సాగదు. గది ఆయనకే రాయండి" అన్నాడు. నిబంధన సడలించి అలాగే రాశాం. మీరు గెలిచారు.

మీ మేనల్లుడు

తా.క. ఇచ్చిన మాట నిలబెట్టుకున్నానని నాన్న ఊరంతా చెప్పుకుంటున్నారు.

*

మేనల్లుడికి,

గూళ్ళ నిండా పుస్తకాలు సర్దాను. లోపల నేనొక్కణ్ణే. జనమంతా అరుగు మీద, వాడి చుట్టూ. మొన్న గట్టిగా చదివితే ఆ గుండ్రటి గోడ నా మాటలు నాకే తిప్పిచ్చింది. వాడు పోట్లాడి ఉంటే ఇంకో ఇరవై ఏళ్ళు బతికేవాణ్ణి. ఒక్క ముక్కలో వదిలేసిపోయాడు, మర్యాద తెలియనివాడు. వాణ్ణి మిషనుతో సహా లోపల కూర్చోబెట్టమని మీ ఆఫీసు నుంచి ఉత్తర్వు పంపు. నేను మాత్రం పిలవను.

గెలిచిన మావయ్య

తా.క. మీ నాన్న ఇన్నాళ్ళూ మాట తప్పాడు, సరే. నా చదువు పాడుచేసింది మాత్రం ఆ దర్జీయే.