బ్యాచ్ మార్పు ఫారం

నరసరావుపేట,
జులై 6.

చిరంజీవి హాసినికి,

నాన్న దీవెనలు. హాస్టలు వాళ్లు ఆదివారం ఇచ్చే పది నిమిషాల ఫోన్లో ఎనిమిది నిమిషాలు మీ అమ్మే మింగేస్తోంది. అందుకే గుంటూరు మిర్చి యార్డుకు వచ్చే ఇక్బాల్ చేత ఈ ఉత్తరం పంపుతున్నాను. నువ్వు ఎంపీసీ అడ్వాన్స్‌డ్ బ్యాచ్‌లో చేరావని మన కొట్టుకు తవుడు కోసం వచ్చిన ప్రతివాడికీ చెప్పేశాను. "ఐఐటీ అంటే మాటలా!" అంటున్నారు. నీ గొంతు మాత్రం పీలగా ఉంది. ఇంట్లో పులివి, అక్కడ పిల్లివయ్యావా?

మీ నాన్న,
శ్రీమన్నారాయణ

గుంటూరు,
జులై 20.

ప్రియమైన నాన్నకు,

బాగానే ఉన్నానని ఫోన్లో చెప్పింది అబద్ధం. పక్కన వార్డెన్ ఉంది. నాకు చాలా భయంగా ఉంది నాన్నా. ఇక్కడ ప్రతి ఆదివారం పరీక్ష, సోమవారం ర్యాంకుల ప్రకారం కూర్చోబెడతారు. నాది ఆఖరి బెంచీ. పేపరు చేతికి రాగానే చదివింది కూడా గుర్తురాదు. నా పక్క మంచం రాహేలు నాలుగు రోజులుగా అన్నం సరిగ్గా తినడం లేదు. మామూలు బ్యాచ్‌కు మారితే నిదానంగా చదువుకుని ఎంసెట్ రాయొచ్చు. మారనా?

నీ హాసిని

నరసరావుపేట,
జులై 24.

హాసినికి,

కొత్తలో అందరికీ భయమేనమ్మా. మామూలు బ్యాచ్ అయితే మామూలు కాలేజీయే వస్తుందట. "ఏందయ్యా, అమ్మాయి దిగిపోయిందంటగా" అని ఎవరైనా అడిగితే నేనేం చెప్పను? రెండు నెలలు ఓర్చుకో. అమ్మ పంపిన సున్నుండలు రాహేలుకు కూడా పెట్టు.

నాన్న

గుంటూరు,
ఆగస్టు 9.

నాన్నకు,

ఈ ఉత్తరం మూడుసార్లు రాసి చించేశాను. బ్యాచ్ మార్పు ఫారం మీద తండ్రి సంతకం కావాలన్నారు. నీ సంతకం నేనే పెట్టాను. రఫ్ నోట్సులో రెండు పేజీలు రాసి రాసి నేర్చుకున్నాను. ఫారం ఇచ్చి పది రోజులైంది. ఆఫీసులో ఎవరు ఫోన్ తీసినా నీకే చేస్తున్నారేమోనని ఒణుకు పుడుతోంది. మొన్న ఆదివారం జ్వరమని ఫోన్ దగ్గరికి రానిది కూడా అందుకే. ఎంత తిట్టినా సరే, చదువు మాత్రం మానిపించొద్దు.

హాసిని

నరసరావుపేట,
ఆగస్టు 11.

మా అమ్మలు హాసినికి,

నువ్వు ఫారం ఇచ్చిన రోజే ఆఫీసు నుంచి ఫోన్ వచ్చింది. కాలేజీ నంబరు చూడగానే తవుడు బస్తా మీద కూలబడ్డాను. ఈ మధ్య హాస్టళ్ల వార్తలు పేపర్లో చూస్తూనే ఉన్నాను. నీకేమైందోననుకున్నాను. ఆఫీసాయనేమో తీరిగ్గా, "ఫారం మీద సంతకం మీదేనాండీ?" అన్నాడు.

"నాదేనండీ. నేనే పెట్టా" అన్నాను.

నువ్వే చెబుతావని పది రోజులు చూశాను. ఆదివారం ఫోన్‌కు రాకపోతే ఎందుకని గట్టిగా అడిగే ధైర్యం కూడా నాకు లేకపోయింది. నువ్వు భయమేస్తోందని రాసిన రోజునే నేను వచ్చి పెట్టాల్సిన సంతకం అది. తప్పు నాదే. కొట్లో అడిగినవాళ్లకు మా అమ్మాయి ఎంసెట్ రాస్తుందని చెబుతున్నాను.

శనివారం నేనూ అమ్మా వస్తున్నాం. నిన్ను ఒక్కసారి కళ్లారా చూస్తే గానీ నాకు ఈ ఒణుకు తగ్గదు.

నాన్న